వెనక కాళ్లు పట్టుతప్పిన కుక్కకు సొంతంగా పట్టీ చేసుకోవడంలో అర్థం ఉందా?

మీ లాబ్రడార్‌కి వయసు మీదపడి వెనక కాళ్లలో పట్టు తగ్గిందనీ, పొట్ట కిందుగా తువ్వాలు వేసి లేపుతున్నారనీ, దానికంటే అనువైన పట్టీ ఒకటి మీ మనసులో ఉందనీ రాశారు. అమ్మకానికి అన్ని రకాలు ఉండగా కొత్తది చేయడంలో అర్థం ఉందా, ఉంటే పేటెంటు తీసుకోవాలా అన్నది మీ ప్రశ్న. మా బ్రూనోకి తుంటి కీళ్లు అరిగిపోయినప్పుడు నేనూ ఇదే పనిలో పడ్డాను. వాడి కోసం ఒకటి తయారుచేసి, తర్వాత తెలిసినవాళ్ల కుక్కలకు కూడా కుట్టించి ఇచ్చాను. తప్పకుండా చేయండి.

అయితే ఒక విషయం ముందే చెప్పాలి. కాళ్లు నెమ్మదిగా బలహీనపడితే పట్టీ ఆసరా అవుతుంది. నిన్నటిదాకా బాగా నడిచిన కుక్క ఇవాళ హఠాత్తుగా వెనక కాళ్లు ఈడుస్తుంటే మాత్రం పట్టీ గురించి ఆలోచించే సమయం కాదది. వెన్నులో డిస్క్ జారి నరాల మీద ఒత్తిడి పడి ఉండొచ్చు, అలాంటప్పుడు ప్రతి గంటా విలువైనదే. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక పట్టీ సంగతి. నేను కొని చూసినవన్నీ ఎత్తడం గురించి ఆలోచించి చేసినవే. ఎత్తడం నిజానికి అంత కష్టం కాదు. నిలబడ్డ కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది, వెనక కాళ్ల వాటా 40 శాతం. 30 కిలోల కుక్కయితే వెనక భాగం 12 కిలోలన్నమాట. అదైనా మొత్తం మనం మోయం, వాడి కాళ్లలో మిగిలిన బలానికి మన చెయ్యి తోడవుతుంది, అంతే. అసలు కష్టం తొడగడంలో ఉంది. కాళ్లు దూర్చే రకం పట్టీ వేయాలంటే ముందుగా కుక్క లేచి నిలబడి ఉండాలి. మనకు అవసరం వచ్చేది వాడు నిలబడలేనప్పుడు.

అర్ధరాత్రి వాడు మూత్రానికి లేవాలని మూలుగుతాడు. మనం నిద్రమత్తులో ఉంటాం. ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో వెనక కాలు వంచి ఆ రంధ్రంలోకి దూర్చాలి. అరిగిన కీలు వంచితే నొప్పి, నొప్పి పుడితే కాలు లాక్కుంటాడు. ఎన్నడూ ఎవరి మీదా గుర్రుమనని బ్రూనో ఒక రాత్రి అలా వంచబోతుంటే తల తిప్పి నా మణికట్టు మీద పళ్లు ఆనించాడు. కొరకలేదు, వద్దని చెప్పాడు. నా పట్టీ రూపం మొత్తం అక్కడి నుంచే వచ్చింది. కాలు వంచకూడదు. పడుకున్న కుక్కకు పడుకున్నట్టే వేయగలగాలి. చీకట్లో కూడా వేయగలగాలి.

అందుకని రంధ్రాలు లేకుండా, పూర్తిగా విప్పితే చాపలా పరుచుకునేలా చేశాను. పిరుదుల మీద ఒక వెడల్పాటి మెత్త, దానికి రెండు పక్కలా తొడ పట్టీలు. ఒక్కో పట్టీ తొడకు ముందు నుంచి వెళ్లి, కాళ్ల మధ్యగా వెనక్కి వచ్చి, మళ్లీ మెత్త మీదే బకిల్‌తో బిగుస్తుంది. కుక్క పక్కకు తిరిగి పడుకున్నప్పుడు కింది కాలి పట్టీని తొడ కిందుగా జరపాలి. ఆ కొసను నునుపుగా, కాస్త బిరుసుగా ఉంచితే బొచ్చులో చిక్కుకోకుండా జారిపోతుంది. బకిల్స్ రెండూ వీపు వైపే ఉంటాయి కాబట్టి చెయ్యి పొట్ట కిందికి పోనక్కర్లేదు. ఎడమ బకిల్ పక్కన చిన్న తాడు ముడి కుట్టించాను, లైటు వేయకపోయినా ఏది ఎటో వేళ్లకు తెలిసిపోతుంది.

తువ్వాలుతో ఇంకో బాధ మీకు ఎదురయ్యే ఉంటుంది. నాలుగడుగులు వేసేసరికి అది ముందుకు జరిగి, మడతలు పడి, సన్నటి తాడులా పొట్టకు ఒత్తుకుంటుంది. మగ కుక్కకైతే సరిగ్గా మూత్రం పోసే చోటే అడ్డం పడుతుంది. బరువు తొడల మీద పడితే పొట్ట, తోక కింది భాగం ఖాళీగా ఉంటాయి, కాలకృత్యాలకు పట్టీ విప్పాల్సిన పనే లేదు. ఈ ఒక్క మార్పుతో మా ఇంట్లో రాత్రిపూట టెన్షన్ సగం తగ్గింది.

వెల్క్రో జోలికి మాత్రం పోకండి. కొత్తలో బాగానే ఉంటుంది, తర్వాత బొచ్చు ఇరుక్కుని పట్టు పోతుంది. పైగా లాగినప్పుడల్లా ఆ బర్రుమనే చప్పుడుకి వాడు ఉలిక్కిపడేవాడు. ప్లాస్టిక్ బకిల్ కూడా ‘టక్’ మంటుంది, కానీ చిన్న చప్పుడే, త్వరగానే అలవాటు పడ్డాడు. పట్టీకి నైలాన్ కంటే పాలియెస్టర్ మేలు. తడిస్తే నైలాన్ నీళ్లు పీల్చుకుని కొద్దిగా సాగుతుంది, మన పట్టీ ఎలాగూ తడవక మానదు. దారం కూడా పాలియెస్టరే వాడమనండి. బట్టలు కుట్టే టైలర్ కంటే బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లడం మంచిది, బరువు మోసే చోట ఎలా కుట్టాలో వాళ్లకు తెలుసు: చుట్టూ చతురస్రం, లోపల మూల నుంచి మూలకు రెండు అడ్డకుట్లు. కుట్టడం అయ్యాక వాడికి తొడిగే ముందు ఒక సంచిలో ఇసుక పోసి, వెనక భాగం బరువుకి రెండు మూడింతలు వేలాడదీసి, కుదుపులిచ్చి చూడండి. మెట్ల మీద పట్టీ తెగితే జరిగే నష్టం చిన్నది కాదు.

పట్టీని పట్టుకుని లేపే చేతి పట్టు పొడవు మీ ఎత్తును బట్టి ఉండాలి. మీరు నిటారుగా నిలబడి చెయ్యి వదులుగా వేలాడేస్తే, అరచేతి నుంచి వాడి పిరుదుల దాకా ఎంత దూరం ఉందో అంతే. నడుం వంచి పట్టుకోవాల్సి వస్తే కొద్ది రోజులకే మీ నడుం పట్టేస్తుంది, ఆ తర్వాత వాడికి దిక్కెవరు? మెట్ల కోసం దాని కిందుగా ఇంకో పొట్టి పట్టు కుట్టించుకోండి.

పని కాగానే విప్పేయండి. తొడల లోపలి చర్మం చాలా పల్చన, రాపిడికి త్వరగా కందిపోతుంది. విప్పిన ప్రతిసారీ బొచ్చు తప్పించి చూడాలి. ఎర్రబడినా, అదే పనిగా నాకుతున్నా మెత్త మార్చాలని అర్థం. లేపేటప్పుడు కాళ్లు గాల్లో తేలిపోకూడదు, పాదాలు నేలకు ఆనుతూనే ఉండాలి. ఉన్న కండ వాడకపోతే అదీ కరిగిపోతుంది.

ఇంకొకరి డాక్స్‌హుండ్‌కి ఇదే పట్టీ చిన్నది చేసి ఇస్తే పనికిరాలేదు. పొట్టి కాళ్లు, పొడవాటి వీపు ఉన్న కుక్కను వెనక ఒక్కచోటే ఎత్తితే నడుము మీద భారం పడుతుంది. దానికి ఛాతీ కింద కూడా ఆసరా ఇచ్చే రకం కావాలి. ఒక కుక్కకు సరిపోయింది అన్నిటికీ సరిపోదు, మీలాంటివాళ్లు ఇంకా చేయాలని నేననేది అందుకే.

కుక్కల సామాన్లలో చాలా మంచివి ఇలా ఇంటి అవసరం నుంచి పుట్టినవే. కాంగ్ అనే రబ్బరు బొమ్మ సంగతే చూడండి. అమెరికాలో జో మార్కమ్ అనే ఆయన కుక్క ఫ్రిట్జ్ రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకుంటుంటే, ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్క దానికి నచ్చడం చూసి, 1970ల్లో ఆయన ఆ బొమ్మ చేశారు. కుక్కను నడిపించేటప్పుడు పట్టుకునే, పొడవు పెరిగి తగ్గే తాడుకు న్యూయార్క్‌లో మేరీ డెలానీ అనే ఆవిడ 1908లోనే పేటెంటు తీసుకున్నారు.

పేటెంటు ఆలోచన నిజంగా ఉంటే, దరఖాస్తు వేయకముందు మీ పట్టీ ఫొటోలు, వీడియోలు ఎక్కడా పెట్టకండి. చాలా దేశాల్లో ముందే బయటపడిన దాన్ని కొత్తదిగా లెక్కించరు. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది కానీ ఐరోపాలో దాదాపు లేనట్టే. గూగుల్ పేటెంట్స్‌లో ఉచితంగా వెతకొచ్చు, అక్కడ మీ ఆలోచనకు దగ్గరగా ఉన్నవి ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోండి. మంజూరైతే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు హక్కు ఉంటుంది, ఏటేటా రుసుములు కట్టే బాధ్యతా ఉంటుంది. నేను ఆ దారిలో వెళ్లలేదు. కావాల్సిన వాళ్లెవరైనా చూసి కుట్టించుకుంటే చాలనిపించింది. అమ్మకానికి పెట్టే ఉద్దేశం ఉంటే మాత్రం పేటెంటు వ్యవహారాలు చూసే లాయర్‌తో ఒకసారి మాట్లాడండి.

మీ లాబ్రడార్ మగా, ఆడా అన్నది రాయలేదు. అది చెప్పి, తొడ పైభాగం చుట్టుకొలత, తోక మొదలు నుంచి నడుం సన్నబడే చోటు వరకు పొడవు, బరువు రాస్తే మెత్త ఎంత వెడల్పు ఉండాలో, పట్టీలు ఎంత పొడవు కత్తిరించాలో చెబుతాను. చుట్టుకొలత వాడు పడుకున్నప్పుడే తీసుకోండి, నిలబెట్టి కష్టపెట్టకండి.