మెదడు జబ్బుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది, ముప్పై లక్షలు పెట్టమంటారా?

ప్రశ్న: మాది ఒంగోలు. మా అమ్మాయి ఫార్మ్‌డీ (ఆరేళ్ల ఫార్మసీ కోర్సు) చివరి ఏడాది, ఇంటర్న్‌షిప్‌లో ఉంది. మా అమ్మకి నాలుగేళ్లుగా అల్జీమర్స్. అప్పటి నుంచి పాపకి మెదడు జబ్బుల మీద క్లినికల్ రీసెర్చే చేయాలని పట్టుదల. పరీక్షలప్పుడు కూడా నాయనమ్మ ఎన్నింటికి పడుకుంది, ఏం తింది అని నోట్‌బుక్‌లో రాస్తూ కూర్చునేది. యూకేలో ఏడాది న్యూరోసైన్స్ ఎమ్మెస్సీ, అన్నీ కలిపి ముప్పై లక్షలు అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. అమీర్‌పేటలో ఆరు నెలల డిప్లొమా చాలని ఇంకొకరు చెప్పారు. మా అన్నయ్య కొడుకు డాలస్‌లో సాఫ్ట్‌వేర్‌లో సెటిల్ అయిపోయాడు. ఎప్పుడూ అలాంటి రోగుల మధ్యే ఉంటే మా పిల్ల మనసు పాడవదా? ఎప్పటికి సెటిల్ అవుతుంది? రెండు కోర్సుల్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక ముందే చెప్పేస్తాను. ఇప్పటికైతే రెండూ వద్దు. ఎందుకో కింద రాస్తాను గానీ, అంతకంటే ముందు మాట్లాడుకోవాల్సింది ఇంకోటి ఉంది.

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఊరు మారుతుంది, కోర్సు మారుతుంది, చివర్లో మాత్రం ‘ఎప్పటికి సెటిల్ అవుతుంది’ అనే ప్రశ్న తప్పకుండా ఉంటుంది. మీ ఉత్తరంలో దాని వెనక ఇంకో భయం కనిపించింది నాకు. నాలుగేళ్లుగా కన్నతల్లి మిమ్మల్ని కొంచెం కొంచెంగా మర్చిపోతుంటే చూస్తున్న మనిషి మీరు, ఇంట్లో ఉన్న ఆ కష్టాన్నే కూతురు ఉద్యోగంగా ఎంచుకుంటానంటే గుండె జారడం సహజం. మరి పిల్ల వెళ్లిపోతే అమ్మని ఎవరు చూసుకుంటారనే దిగులు కూడా ఉందా? మీరు రాయలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. ఉంటే అందులో తప్పేమీ లేదండీ, కానీ దాన్ని కెరీర్ సందేహంలా మార్చి ఆమె ముందు పెట్టకండి. పెద్దావిడని చూసుకోవడం మీ బాధ్యత, మీ అన్నయ్యగారి బాధ్యత. ఆయన కొడుకు డాలస్‌లో సెటిల్ అయ్యాడు కదా, ఇంట్లో ఒక మనిషిని పెట్టుకోవడానికి నెలకి ఇంత అని సర్దమని ఆయనతో కూర్చుని మాట్లాడండి. అది మీ ఇద్దరి మధ్య తేలాల్సిన విషయం. ఇరవై నాలుగేళ్ల పిల్ల భవిష్యత్తు మీద ఆ బరువు పెట్టకూడదు.

కొంచెం గట్టిగానే ఇంకో మాట. అన్నయ్య కొడుకు ఎక్కడున్నాడో రాశారు, కన్సల్టెన్సీ వాళ్లు ఎంత అడుగుతున్నారో రాశారు, మీ అమ్మాయి అసలు ఏ పని చేయాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు. పేషెంట్లతో కూర్చోవాలనుందా, మందునో చికిత్సనో మనుషుల్లో పరీక్షించి చూసే ట్రయల్ నడపాలనుందా, డేటా చూడాలనుందా, ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు ఉండాలనుందా? వీటిలో ఒక్కోదానికి ఒక్కో దారి. ఇది అడగకుండా ముప్పై లక్షల దాకా ఎలా వెళ్లారండీ?

ఉత్తరంలో నాకు బాగా పట్టింది మీరు ఫిర్యాదులా రాసిన ఆ నోట్‌బుక్. క్లినికల్ రీసెర్చ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదట నేర్పేదే అది. చూసింది చూసినట్టు, చూసిన రోజే, టైముతో సహా రాయాలి. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. చాలామందికి ఇది చిరాకు పని. సాయంత్రానికి గుర్తున్నంత రాసేస్తారు, లేదంటే అందరి బీపీ 120/80 అని నింపేస్తారు. పరీక్షల టెన్షన్‌లో కూడా ఎవరూ చెప్పకుండా అది చేసిన పిల్లకి ఈ పని ఒంటికి పడుతుందనడానికి నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

రోజూ ఉండే పని ఎలా ఉంటుందో తెలిస్తే మీకు సగం దిగులు తగ్గుతుంది. మతిమరుపు రోగుల్ని చూసే మెమరీ క్లినిక్‌లో రిటైరైన ఆర్టీసీ డ్రైవరు ఒకాయన, పక్కన భార్య. కాగితం మీద గడియారం గీసి, చెప్పిన టైముకి ముళ్లు పెట్టమంటే ఆయన గుండ్రం గీసి అంకెలన్నీ ఒకే పక్కకి వేశారు. పాపం భార్యకి ప్రాణం ఆగదు, ‘అది కాదయ్యా, ఇటు’ అని వేలు పెట్టి చూపిస్తుంది. ‘అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి, తర్వాత మీతో విడిగా మాట్లాడతాను’ అని ఆవిడ మనసు నొచ్చకుండా చెప్పాలి, ఆయనకి పరీక్షలో ఫెయిలయ్యానన్న సిగ్గు కలగకుండా చూడాలి, మార్కులు మాత్రం పొల్లుపోకుండా వేయాలి. ఇక బడి ముఖం చూడని పెద్దావిడ వస్తే ఆ గడియారం పరీక్షే పనికిరాదు, ఎందుకంటే పెన్సిలు పట్టడం అలవాటు లేకపోవడానికీ మతిమరుపుకీ తేడా అందులో తెలియదు.

అన్నిటికంటే బరువైన పని సమ్మతి తీసుకోవడం. మతిమరుపు ఉన్న మనిషికి ట్రయల్ అంటే ఏమిటో, మందుకి బదులు ఉత్తుత్తి మాత్ర కూడా రావొచ్చని, ఎప్పుడైనా మానేయొచ్చని అర్థమయ్యేలా చెప్పాలి. ఆయన నిర్ణయం తీసుకునే స్థితిలో లేకపోతే చట్టప్రకారం ఆయన తరఫున నిర్ణయించగలిగినవాళ్లు సంతకం పెట్టాలి, చదవడం రానివాళ్లయితే సంబంధం లేని సాక్షి ఉండాలి. ఈ రూల్స్ ఊరికే రాలేదు. 2009-10లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికల మీద హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) వ్యాక్సిన్ ప్రాజెక్ట్ నడిచినప్పుడు తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టిన సంగతి పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. మన దగ్గర ‘ట్రయల్’ అనగానే జనం ‘మా మీద ప్రయోగాలా’ అని బెదిరిపోవడానికి అలాంటివి కారణం. ఆ బెదురు పోవాలంటే కుర్చీ దగ్గరికి లాక్కుని వాళ్ల భాషలో ఓపికగా చెప్పే మీ అమ్మాయిలాంటివాళ్లు ఎంతమంది ఉన్నా చాలరు.

భాష అన్నాను కాబట్టి ఒక స్టడీ గురించి చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల్ని సువర్ణ అల్లాడి గారి బృందం పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే రెండు, ఆపైన భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని తేలింది, చదువురానివాళ్లలో కూడా. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, ఆఫీసులో హిందీ మాట్లాడే హైదరాబాద్ కాబట్టి ఆ ప్రశ్న అక్కడ అడగగలిగారు, ప్రపంచమంతా చదివింది. ఇంకోటి, బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్లు కోలార్ జిల్లా శ్రీనివాసపుర చుట్టుపక్కల పల్లెల్లో 45 ఏళ్లు దాటినవాళ్లని పదివేల మంది లక్ష్యంగా ఏళ్ల తరబడి గమనించే స్టడీ నడుపుతున్నారు. ఆ ప్రాంతంలో తెలుగు మాట్లాడే ఇళ్లు బోలెడు. ఇలాంటి చోట్ల తెలుగు బాగా రావడం ఒక అర్హత. యూకే డిగ్రీతో ఇది రాదు.

ఇక ఆ యూకే సంగతి. ఆ డిగ్రీ చెడ్డదని నేను అనను. డాక్టర్లకి, ఫండింగ్‌తో పీహెచ్‌డీకి వెళ్దామని ముందే తేల్చుకున్నవాళ్లకి మంచి మెట్టే. మీ అమ్మాయి పరిస్థితిలో మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. ఏడాది కోర్సులో చివరి మూడు నాలుగు నెలలు డిసర్టేషన్‌కే పోతాయి, అది కూడా చాలామందికి అప్పటికే ఉన్న డేటాని విశ్లేషించడంతో సరిపోతుంది, పేషెంటు ముఖం చూడకుండానే కోర్సు అయిపోవచ్చు. ఆ తర్వాత వీసా గడువులోపు స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరకాలి. దొరక్క వెనక్కి వస్తే? ముప్పై లక్షల లోనుని 11 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకి 41 వేల పైన కట్టాలి. ఇక్కడ ఆసుపత్రిలో రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేరితే మొదట్లో చాలాచోట్ల పాతిక వేలు దాటదు. అప్పుడు పిల్ల ఏం చేస్తుంది, ఇష్టపడి ఎంచుకున్న పని వదిలేసి ఈఎంఐ కోసం దొరికిన ఉద్యోగంలో చేరుతుంది. ఇలా చేరినవాళ్లు నాకు తెలుసు, తెలివైన పిల్లలు, ఇష్టంతో మొదలుపెట్టినవాళ్లు. అందుకే కన్సల్టెన్సీ వాళ్లు ‘సీట్లు అయిపోతున్నాయి’ అన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. వాళ్లకి అడ్మిషన్‌తో పని అయిపోతుంది, మీకు అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ‘న్యూరోసైన్స్ విత్ ఏఐ’ అని కొత్తగా ఊదరగొడుతున్నారు, అది కూడా మీ దాకా వచ్చే ఉంటుంది. మెదడు స్కానింగ్‌ల మీద కంప్యూటర్ పని నిజంగా గొప్పదే. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి వంద మంది భారతీయుల ఎంఆర్ఐలతో మన మెదడు అట్లాస్ (సగటు మెదడు పటం) తయారుచేశారు, పాశ్చాత్యుల సగటు కొలతలు మనకి సరిపోవని చూపించారు. కానీ అది ఏళ్ల తరబడి ఇమేజ్ ప్రాసెసింగ్ చేసిన ఇంజనీర్లూ రేడియాలజిస్టులూ కలిసి చేసిన పని. ఆరేళ్లు మందులు, డోసులు, సైడ్ ఎఫెక్ట్స్, వార్డు రౌండ్లు నేర్చుకున్న పిల్ల ఒక్క పైథాన్ పేపర్ చదివి వాళ్లతో పోటీకి దిగితే తన బలం వదులుకున్నట్టే. స్టాటిస్టిక్స్ నేర్చుకోమనండి, అది ఎక్కడున్నా కావాలి.

అమీర్‌పేట డిప్లొమా గురించి రెండు ముక్కలు చాలు. అక్కడ చెప్పే జీసీపీ నియమాలు (ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే నియమాలు) ఆన్‌లైన్‌లో ఉచితంగానో కొద్దిపాటి ఖర్చుతోనో నేర్చుకోవచ్చు. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అన్నది దొరికితే చాలామందికి ఫార్మకోవిజిలెన్స్‌లో దొరుకుతుంది, అంటే హైటెక్ సిటీలో కూర్చుని ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే సైడ్ ఎఫెక్ట్ రిపోర్టుల్ని సిస్టమ్‌లోకి ఎక్కించడం. గౌరవమైన ఉద్యోగమే, జీతం కూడా నిలకడగా ఉంటుంది, కానీ మీ అమ్మాయి కోరుకుంటున్నది అది కాదు. దానికి ఫార్మ్‌డీ చాలు, పైన డిప్లొమా అక్కర్లేదు.

మనసు పాడవదా అన్నారు. ఇంట్లో చూసుకోవడానికీ పనిగా చూడటానికీ చాలా తేడా ఉందండీ. సాయంత్రమయ్యేసరికి ఫైలు మూసి ఇంటికి రావొచ్చు, పక్కన టీమ్ ఉంటుంది. అయితే ఒక విషయం ఆమెతో దాచకుండా మాట్లాడాలి. నాయనమ్మని బాగుచేసే మందు కనిపెడతాననే ఆశతో వెళ్తోందా? అలా అయితే మొదటి రెండేళ్లలోనే డీలా పడిపోతుంది. అల్జీమర్స్‌లో ఇటీవల పెద్ద వార్త అయిన లెకానెమాబ్ అనే మందునే చూడండి, 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. దాదాపు 1,800 మందితో 18 నెలలు నడిచిన ట్రయల్‌లో జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గింది. ఆగలేదు, వెనక్కి తిరగలేదు, కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం కూడా వచ్చాయి. దానికంటే ముందు 2021లో అనుమతి పొందిన అడుకానుమాబ్‌ని 2024లో తయారీ సంస్థే వదిలేసింది. మన దేశంలో పక్షవాతం మళ్లీ రాకుండా మెసేజ్‌లు, వీడియోలు, పుస్తకం 12 భాషల్లో తయారుచేసి 31 ఆసుపత్రుల్లో 4,298 మందితో స్ప్రింట్ ఇండియా అనే ట్రయల్ చేశారు. మందులు సరిగ్గా వేసుకోవడం లాంటివి మెరుగయ్యాయి గానీ, ఏడాదిలో పక్షవాతం, గుండెపోటు మాత్రం తగ్గలేదు. అన్నేళ్లు కష్టపడినవాళ్లు ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించారు. దాంతో ఈ పద్ధతి ఒక్కటే చాలదని దేశానికి తెలిసింది. ఇలాంటి పనికి కావాల్సిన నిబ్బరం మీ అమ్మాయికి ఉందో లేదో మీరూ నేనూ చెప్పలేం, చేసి చూస్తే ఆమెకే తెలుస్తుంది.

సెటిల్ అవడం గురించి. సాఫ్ట్‌వేర్ అంత త్వరగా అవదు, ఆ మాట దాచను. రెండేళ్లు కోఆర్డినేటర్‌గానో ప్రభుత్వ ప్రాజెక్టులోనో చేసి, తర్వాత ట్రయల్ మానిటర్‌గా (ఆసుపత్రుల్లో ట్రయల్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పని) వెళ్తే జీతం బాగానే పెరుగుతుంది. పీహెచ్‌డీ వైపు వెళ్తే నిమ్‌హాన్స్, మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివి ఉన్నాయి. ఫార్మ్‌డీని ఎక్కడ నేరుగా తీసుకుంటారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 ఇస్తారు, మీరు ఎదురు కట్టేది పెద్దగా ఉండదు. పని తగ్గిపోతుందన్న భయం కూడా వద్దు. దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది.

ఈ వారం చేయాల్సింది చెప్తాను. సీటీఆర్ఐ అని దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ అన్నీ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్ట్రీ ఉంది, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. అందులో డిమెన్షియా, పార్కిన్సన్స్, స్ట్రోక్, మూర్ఛ అని ఒక్కోటి కొట్టి, హైదరాబాద్, గుంటూరు, విశాఖ, బెంగళూరుల్లో ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు ఏం చేస్తున్నారో అమ్మాయిని ఒక జాబితా రాసుకోమనండి. వాళ్లలో పది మందికి తనే మెయిల్ పెట్టాలి. ఇంటర్న్‌షిప్‌లో చూసిన కేసుల గురించి, నాయనమ్మ విషయంలో నాలుగేళ్లుగా రాస్తున్న వివరాల గురించి రెండు పేరాలు, కోఆర్డినేటర్‌గానో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గానో అవకాశం ఉందా అని ఒక లైను. ఇద్దరు ముగ్గురు జవాబిచ్చినా గొప్పే, రాకపోతే రెండు వారాలాగి మళ్లీ రాయమనండి. కనీసం ఏడాది పని చేశాక కూడా యూకే కావాలనిపిస్తే అప్పుడు వెళ్లొచ్చు, అనుభవం ఉన్నవాళ్లకి స్కాలర్‌షిప్ అడగడానికి కూడా నోరుంటుంది. అప్పటిదాకా కన్సల్టెన్సీకి రిజిస్ట్రేషన్ ఫీజు అని కూడా ఏమీ కట్టకండి.