చిన్నాకి, గిట్‌లో నోట్సు పెట్టేముందు

ఒరేయ్ చిన్నా,

బెజవాడ హాస్టల్లో లాప్‌టాపు, చేతిలో ఫోను, ఇక్కడ బ్రాడీపేటలో మీ పాత డెస్క్‌టాపు. మూడింట్లోనూ నోట్సు ఒకేలా ఉండాలని గిట్‌లో (ఫైళ్ళలో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే ప్రోగ్రాములో) పెడుతున్నావట, అక్క చెప్పింది. నీ అంతట నువ్వు ఈ దారి పట్టినందుకు సంబరపడ్డాను. నిరుడు కాలేజీ ప్రాజెక్టులో నువ్వు వెలగబెట్టింది గుర్తొచ్చి గుబులూ పట్టుకుంది.

గిట్ ఫోల్డర్లని నెట్‌లో దాచే గిట్‌హబ్‌లో ఖాతా తెరిచి ప్రైవేట్ రిపో, అంటే బయటివాళ్ళకి కనపడని ఫోల్డరు, పెట్టుకో. 2019 నుంచి అది ఉచితమే. 2021 ఆగస్టు నుంచి పాస్‌వర్డ్‌తో పుష్ (రాసింది గిట్‌హబ్‌కి పంపడం) కుదరదు కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ కీ, అంటే పాస్‌వర్డు బదులు నిన్ను గుర్తుపట్టే తాళంచెవి ఫైలు, చేసుకో. మూడింటికీ మూడు కీలు. ఒకటే చేసి అన్నిట్లోకీ కాపీ కొట్టమాక. సిటీ బస్సులో ఫోను పోతే గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ఆ ఒక్క కీ తీసేస్తే చాలు, మిగతా రెండూ నడుస్తాయి.

ఫోన్లో గిట్ కమాండ్లు కొట్టడానికి టెర్మక్స్ యాప్‌ని ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోరు నుంచి దించుకో. నోట్సు ఫోల్డరు ఫోను మామూలు స్టోరేజీలో ఉంటే 'డూబియస్ ఓనర్‌షిప్' (ఈ ఫోల్డరు నీదేనా అని అనుమానం) అని గిట్ మొరాయిస్తుంది. కంగారు పడకు. ఆ ఫోల్డర్ని సేఫ్.డైరెక్టరీ కింద చేర్చమని కమాండు అదే చూపిస్తుంది, కొట్టెయ్. ఫైళ్ళకి తెలుగు పేర్లు పెడితే గిట్ స్టేటస్‌లో \340\260 అంటూ అంకెలు కనిపిస్తాయి. ఫైలుకేమీ కాలేదు. గిట్ సెట్టింగుల్లో కోర్.కోట్‌పాత్‌ని ఫాల్స్ చెయ్యి, పేర్లు తెలుగులో వస్తాయి.

ఇక నిరుటి సంగతి. మళ్ళీ అదే చేస్తావని నా భయం.

ఫోన్లో రాసి పుష్ చేశావనుకో. పదిహేను రోజులకి గుంటూరు వచ్చి, పుల్ చెయ్యకుండా (గిట్‌హబ్‌లోవి తెచ్చుకోకుండా) డెస్క్‌టాపులో రాశావు. పుష్ కొడితే 'రిజెక్టెడ్' అంటుంది. సర్వర్లో, అంటే గిట్‌హబ్‌లో, ఉన్నవి నీ దగ్గర లేవు, ముందు తెచ్చుకో అని దాని అర్థం. ఆ మాట చదవకుండా, ఎవరో చెప్పారని బలవంతంగా తోసే --ఫోర్స్ తగిలించావనుకో, పుష్ హాయిగా వెళ్తుంది. ఫోన్లోంచి వెళ్ళిన పదిహేను రోజుల రాతా సర్వర్లో ఆ బ్రాంచి (మార్పుల వరస) మీద నుంచి మాయం. ఎర్రక్షరం కూడా కనపడదు. అసలు ప్రమాదం అదే.

సరైన పద్ధతి ఇది. రాసింది కమిట్ చెయ్యి (గిట్ చరిత్రలో నమోదు), తర్వాత గిట్ పుల్ --రీబేస్, అంటే సర్వర్లోవి తెచ్చి వాటిమీద నీవి పేర్చడం. ఫోన్లోనూ డెస్క్‌టాపులోనూ ఒకే చోట దిద్ది ఉంటే ఫైల్లో ఏడేసి బాణం గుర్తులు, మధ్యలో ఏడు సమానం గుర్తులు పడతాయి. రీబేస్‌లో పైభాగం సర్వర్ది, కిందిది నీది. చాలామంది తిరగేసి అనుకుని మంచిదాన్ని చెరిపేస్తారు. నోట్సే కదా, అనుమానం ఉంటే రెండూ ఉంచు, ఆ గుర్తుల గీతలు మూడూ తీసెయ్. గిట్ యాడ్, గిట్ రీబేస్ --కంటిన్యూ, ఆపైన పుష్. బుర్ర తిరిగితే --అబార్ట్ కొట్టు, మొదటికొస్తావు.

ఈ గొడవ తగ్గాలంటే రోజుకో ఫైలు పెట్టుకో. ఇంకోటి: గిట్ పోల్చేది లైన్ల లెక్కన. నువ్వు పేరా మొత్తం ఒకే లైనుగా లాగుతావు, అందులో ఒక్క కామా మార్చినా లైనంతా మారినట్టే. వాక్యం అయ్యాక ఎంటర్ కొట్టు.

ఒకవేళ ఫోర్స్ చేసేశావే అనుకో, ఫోన్లో పుల్ చెయ్యమాక. పాత కమిట్లు అందులో ఇంకా ఉంటాయి. అక్కడే గిట్ బ్రాంచ్ అని కొత్త పేరు పెట్టి ఆ బ్రాంచిని పుష్ చెయ్యి, పోయిందంతా తిరిగొస్తుంది. ఫోన్లోనూ చెడగొట్టుకుంటే గిట్ రెఫ్‌లాగ్ చూడు. ఏ బ్రాంచికీ అందని కమిట్లని మామూలుగా 30 రోజులు గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి అప్పుడే ఫోన్ చెయ్యి. తిడతానని దాచావా, అప్పుడు నిజంగానే తిడతాను.

ఆధార్ స్కాను, బ్యాంకు పాస్‌వర్డులు ఆ ఫోల్డర్లోకి రానివ్వకు. ప్రైవేటేగా అంటావు. ఒకసారి కమిట్టయ్యాక ఫైలు చెరిపినా చరిత్రలో ఉండిపోతుంది. గిట్ పట్టించుకోకూడని ఫైళ్ళ పట్టీ అయిన .గిట్‌ఇగ్నోర్‌లో తర్వాత రాస్తే పాతది పోదు. పాస్‌వర్డు పొరపాటున వెళ్తే ముందు దాన్ని మార్చు, చరిత్ర కడగడం ఆ తర్వాత. బోర్డు ఫొటోలు, స్కాన్ పీడీఎఫ్‌లు గూగుల్ డ్రైవ్‌లో వేసుకో. 100 ఎంబీ దాటిన ఫైల్ని గిట్‌హబ్ ఎలాగూ తీసుకోదు. అలాగని రిపో ఫోల్డర్నే డ్రైవ్ సింక్‌లో పెట్టమాక. రెండూ ఒకేసారి వేలు పెడితే చరిత్రంతా దాచే .గిట్ ఫోల్డరు చెడిపోవచ్చు.

రైల్లో మంగళగిరి దగ్గర సిగ్నల్ లేకపోయినా కమిట్ అవుతుంది. పుష్ మాత్రం దిగాక గుర్తుపెట్టుకుని చెయ్యి.

ఆదివారం వస్తావుగా, డెస్క్‌టాపుకి కీ నేను దగ్గరుండి పెట్టిస్తాను. అప్పటిదాకా దాంట్లో ఏమీ రాయమాక. భోజనం మా ఇంట్లోనే, గోంగూర చేస్తున్నాను.

మీ పిన్ని