ఫ్లెక్స్ మిషన్‌కు అప్పు చేయకండి

గుంటూరులో ప్రింటింగ్ ప్రెస్ నడిపే సోదరులకు నమస్కారం. శుభలేఖలు వాట్సాప్‌కు పోయాయి, ఆఫ్‌సెట్ మిషన్ సగం రోజులు ఖాళీగా ఉంటోంది, అప్పు చేసి ఫ్లెక్స్ మిషన్ కొనాలా అని అడిగారు. కొనవద్దు. 100 మైక్రాన్ల కన్నా పలుచని పీవీసీ (ప్లాస్టిక్ ఫ్లెక్సీ) బ్యానర్లపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అలాంటి సరుకును నమ్ముకుని వాయిదాలు కట్టడం ప్రమాదం.

ముందు కాగితం కోత దగ్గర వృథా తగ్గించుకోండి. 23×36 అంగుళాల షీటులో 9×12 ముక్కలు ఏడుకు మించి రావు, అవీ అడ్డం నిలువు కలిపి అమర్చితేనే. అర అంగుళం తగ్గించి 9×11.5 చేస్తే ఎనిమిది వస్తాయి, షీటులో వృథా ముక్క కూడా మిగలదు. ఆర్డరు తీసుకునేటప్పుడే ఈ మాట చెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు. చిన్న ఆర్డర్లు రెండు మూడు ఒకే అచ్చు ప్లేటుపై వేయండి. వాడిన అల్యూమినియం ప్లేట్లు విడిగా దాచి అమ్మండి.

బ్లాంకెట్ (సిరాను కాగితంపైకి దించే రబ్బరు షీటు) తుడవడానికి కిరోసిన్ మానండి. ఆ ఆవిరి పీల్చేది మీ పనివాళ్లే. మొక్కల నూనెతో చేసిన వాష్‌లు దొరుకుతాయి, కాస్త నెమ్మదిగా ఆరుతాయి, అంతే.

కొత్త పని కావాలంటే మిఠాయి పెట్టెలు, పచ్చళ్ల లేబుళ్లు, బట్టల దుకాణాల కాగితపు సంచులు అడగండి. అచ్చు వేసిన వైపు తినుబండారానికి తగలకూడదు, అది మరవద్దు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉచితం. అది ఉంటే కేంద్రం ఇచ్చే జెడ్ (ZED, లోపాలు లేని, పర్యావరణానికి హాని చేయని తయారీకి ఇచ్చే) సర్టిఫికెట్ రుసుములో సూక్ష్మ సంస్థలకు 80 శాతం రాయితీ వస్తుంది.

మీ మిషన్ సైజు రాయండి, ఏ పెట్టెలు వేయవచ్చో చెబుతాను.