అమ్మానాన్నలతో కాట్స్‌వోల్డ్స్ నడక: బోర్టన్ నుంచి ఎంత దూరం?

కారు లేకుండా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ కొండ ప్రాంతంలో బోర్టన్-ఆన్-ద-వాటర్ ఊరి నుంచి నాంటన్ ఊరి దాకా నడిచి చుట్టి రావచ్చా అని అడిగారు కదా. అమ్మగారికి మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి మొత్తం చుట్టు వద్దండీ. దాదాపు 16 కిలోమీటర్లు. పైగా నాంటన్ దాటాక విండ్‌రష్ లోయలో బోర్టన్ వచ్చేదాకా ఊరే తగలదు. అది ఇంకోసారి ఫ్రెండ్స్‌తో వెళ్లండి.

ఈసారికి బోర్టన్ నుంచి వార్డెన్స్ వే అనే కాలిబాట పట్టుకుని లోయర్ స్లాటర్ ఊరు, అక్కణ్నుంచి ఐ నది దారిలో అప్పర్ స్లాటర్ ఊరు వెళ్లి, అలాగే వెనక్కి రండి. రానూపోనూ 8 కిలోమీటర్లు ఉంటుంది, పెద్ద ఎత్తుపల్లాలు లేవు. అదీ ఎక్కువనిపిస్తే లోయర్ స్లాటర్‌లో పాత మిల్లు, నీటిచక్రం చూసి తిరిగి వచ్చేయొచ్చు. నన్నడిగితే అసలు అందం అక్కడే ఉంది. అప్పర్ స్లాటర్ నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకు వెళ్లినవాళ్లంతా ప్రాణాలతో తిరిగొచ్చారట, నాన్నగారికి చెప్పండి.

లండన్ ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి మోర్టన్-ఇన్-మార్ష్‌కి రైలు, అక్కడ బోర్టన్‌కి 801 బస్సు. తిరుగు బస్సు టైం ముందే చూసుకోండి, ఆదివారం మాత్రం పెట్టుకోకండి. వాన పడితే పొలాల్లో బురద, చెప్పులతో అస్సలు కుదరదు. గొర్రెల పొలాల్లో గేటు దాటాక మళ్లీ మూసేయాలి.