ఇంగ్లండ్‌లో రాజభవనాల్లాంటి ఇళ్ళలో నడిచే ప్రైవేటు స్కూళ్ళు నిజంగా అంత పాతవేనా? ఆ ఇళ్ళు బడి కోసమే కట్టారా?

సూటిగా చెప్పాలంటే కొన్ని పాతవే, చాలావరకు కాదు. వించెస్టర్ 1382 నాటిది, ఈటన్ 1440 నాటిది, అవి మొదటినుంచీ బడి కోసమే పెట్టినవి. మీరు ఫోటోల్లో చూసేది, అంటే పెద్ద పచ్చిక బయలు, దాని చివర స్తంభాల భవంతి, ముందు చెరువు, చెరువు అవతల ఒక మండపం, ఈ రకం స్కూళ్ళలో చాలావాటికి ఇంకా వందేళ్ళో, వందకి కాస్త అటూ ఇటూనో. ఇల్లు పాతది, బడి కొత్తది.

నేను మిల్టన్ కీన్స్‌లో ఉంటాను. ఇక్కడికి దగ్గర్లోనే స్టో స్కూలు ఉంది. పిల్లల్ని అక్కడ చదివించే స్తోమత మాకు లేదుగానీ, పాత ఇళ్ళనీ తోటల్నీ కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ కార్డు ఉంది కాబట్టి ఆ తోటలో తిరగడం, ఇంటి టూరుకి వెళ్ళడం అలవాటైపోయింది, ఊరినుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను. అందుకే దాని కథే చెప్తాను. నా లెక్కలో ఇది చదువుల కథ కన్నా అప్పుల కథ.

టెంపుల్ అనే కుటుంబం గొర్రెలమీద, ఉన్నిమీద సంపాదించి 1571లో ఆ ఎస్టేటుని కౌలుకి తీసుకుంది, 1589లో కొనేసింది. ఇప్పుడున్న ఇంటి నడిమి భాగం 1677లో మొదలైంది. ఆ తర్వాత వందేళ్ళపాటు ఏ తరం వాళ్ళూ ఊరుకోలేదు, రెక్కలు పెంచారు, ముందుభాగం మార్చారు, చివరికి దక్షిణం వైపు ముఖం ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 900 అడుగులైంది. మంచి సంబంధాలు చేసుకోవడం ఈ ఇంటివాళ్ళకి ఒక విద్య. ఒక్కో పెళ్ళితో ఒక్కో ఆస్తి, దాంతోపాటే ఒక ఇంటిపేరూ వచ్చి చేరేది, అలా ఈ ఇంటివాళ్ళు డ్యూకులయ్యే కాలానికి టెంపుల్-నుజెంట్-బ్రిడ్జెస్-షాండోస్-గ్రెన్‌విల్ అని గూడ్సు బండంత ఇంటిపేరు తయారైంది. పెళ్ళివల్ల వచ్చినవాటిలో జమైకాలోని హోప్ ఎస్టేటు అనే చెరకు తోట కూడా ఉంది, అంటే బానిసల చాకిరీ. అదే కుటుంబానికి చెందిన లార్డ్ గ్రెన్‌విల్ ప్రధానమంత్రిగా ఉన్నప్పుడే 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చింది. రెండూ నిజమే.

ఇంటికన్నా తోటకే పేరెక్కువ. బ్రిడ్జ్‌మన్, వాన్‌బ్రూ, గిబ్స్, కెంట్, ఆ కాలంలో పేరున్న ఈ తోటల రూపకర్తలు, ఆర్కిటెక్టులందరూ అక్కడ పనిచేసినవాళ్ళే. కేపబిలిటీ బ్రౌన్ అయితే పాతికేళ్ళ వయసులో 1741లో అక్కడ హెడ్ గార్డెనరుగా చేరాడు. వీళ్ళని పెట్టుకున్న అప్పటి ఇంటి యజమాని కాబమ్ ప్రభువు 1733లో ప్రధానమంత్రి వాల్పోల్‌తో తగువు పెట్టుకుని తన రెజిమెంటు పోగొట్టుకున్నాడు, ఆ కసి మొత్తం తోటలో తీర్చుకున్నాడు. ప్రాచీన సద్గుణానికని ఒక గుండ్రటి గుడి అందంగా కట్టించి, ఆధునిక సద్గుణానికని ఇంకొకటి కావాలనే శిథిలంగా కట్టించాడు, వాల్పోల్ కాలంలో నీతి ఈ స్థితిలో ఉందని చెప్పడానికి. ఇప్పుడు స్కూల్లో ఒక బోర్డింగ్ హౌస్ పేరు వాల్పోల్! కాబమ్ చూస్తే ఏమనేవాడో. ఇంకోచోట చెరువు గట్టున షేక్‌స్పియర్, న్యూటన్, ఎలిజబెత్ రాణి సహా 16 మంది తలలు వరసగా పెట్టించాడు. అన్నీ కలిపి నలభైకి పైగా గుళ్ళు, మండపాలు, స్తంభాలు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మధ్యాహ్నం దాకా ఓపిగ్గా తిరిగి, "ఇన్ని గుళ్ళున్నాయి, ఒక్కదాంట్లోనూ దీపం లేదేంట్రా" అంది. దీపం ఉన్నది ఒక్కటే, చెట్ల మధ్య దాక్కున్నట్టుండే పాత చర్చి. ఒకప్పుడు దాని చుట్టూ స్టో అనే ఊరుండేది. తోట పెరిగింది, ఊరు పోయింది, చర్చి మిగిలింది.

ఇక అప్పు. రెండో డ్యూకు తండ్రి చేసిన అప్పులతోపాటు బిరుదు అందుకున్నాడు, తనవంతు ఇంకా గట్టిగా కలిపాడు. 1845 జనవరిలో విక్టోరియా రాణి ఆ ఇంటికి అతిథిగా వచ్చింది, ఏర్పాట్లకి మంచినీళ్ళలా ఖర్చుపెట్టారు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1848లో, పది లక్షల పౌండ్లకి పైబడ్డ అప్పుకింద ఇంట్లో సామాను మొత్తం వేలానికొచ్చింది. క్రిస్టీస్ అనే వేలం కంపెనీవాళ్ళు 40 రోజులు పాడారు, వచ్చింది సుమారు 75,000 పౌండ్లు. అంటే అప్పులో ఏ మూలకీ చాలలేదు. ఆ వేలంలో పోయినవాటిలో ఒక షేక్‌స్పియర్ బొమ్మ ఉంది, షాండోస్ పోర్ట్రెయిట్ అంటారు, మన ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో చూసే చెవిపోగు బొమ్మ అదే. కొన్నాయన 1856లో లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి ఇచ్చేశాడు, ఆ గ్యాలరీకి చేరిన మొట్టమొదటి చిత్రం అది.

ఇక్కడ కొంచెం పక్కకెళ్తాను, ఎందుకంటే తెలుగువాళ్ళకి ఈ ఇంటితో నిజంగా సంబంధం ఉంది. ఆ దివాలా డ్యూకు కొడుకు, మూడో డ్యూకు, తండ్రిలా కాదు, రైల్వే కంపెనీకి ఛైర్మన్‌గా ఉద్యోగం చేసి, ఖర్చు తగ్గించుకుని, ఇంటిని మళ్ళీ నిలబెట్టాడు. 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరు ఈయనే. మన బకింగ్‌హామ్ కాలువ పేరులో ఉన్న బకింగ్‌హామ్ లండన్‌లో రాణీగారి ప్యాలెస్ కాదు, ఈ స్టో ఇంటి డ్యూకు. మా నాన్నది చినగంజాం పక్క ఊరు, చిన్నప్పుడు ఆ కాలువలో ఉప్పు బస్తాల పడవలు, సరుగుడు కట్టెల పడవలు మద్రాసు వైపు వెళ్తుంటే చూసిన మనిషి. ఇంటి టూరులో గోడమీద డ్యూకుల వంశవృక్షం చూపిస్తుంటే నేను ఈ ముక్క చెప్పాను, అంతే, ఆయన గైడుని పట్టుకుని కాలువ గురించి పది నిమిషాలు చెప్పాడు, నేను తర్జుమా చేయలేక చచ్చాను. పాపం ఆ గైడు పెద్దాయన శ్రద్ధగా విన్నాడు.

ఆ కాలువ 1806లో మద్రాసు నుంచి ఎన్నూరుకి మొదలై, ఆ తర్వాత దశాబ్దాల్లో ఉత్తరంగా మన కోస్తా వెంబడి సాగింది. గవర్నరు పేరు తగులుకున్నది మాత్రం 1876–78 కరువులో, రాయలసీమలో ధాత కరువు అనేవారే, అదే. లక్షలమంది పోయారు. కరువు పనికింద మద్రాసు ఊళ్ళో కూవం, అడయారు నదుల మధ్య దాదాపు 8 కిలోమీటర్లు తవ్వించి, 1878లో మొత్తానికి బకింగ్‌హామ్ అని పేరుపెట్టారు. ఆ రోజుల్లో వైస్రాయి పంపిన కరువు కమిషనరు పేరు కూడా సర్ రిచర్డ్ టెంపులే, మగకూలికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని తేల్చింది ఆయన. ఇంటిపేరు చూసి ఈయన్నీ డ్యూకునీ కలిపేయకండి, వేరే మనిషి. డ్యూకు 1877 ఆగస్టులో మద్రాసులో సభ పెట్టి బ్రిటన్ జనాన్ని చందాలు అడిగాడు. దాంతో ఆయన చేతులు కడిగినట్టవుతుందని నేననను, మంచివాడు చెడ్డవాడు అని తేల్చడం నావల్ల కాదుగానీ, స్టో వెళ్ళిన తెలుగువాళ్ళు ఆ వంశవృక్షం పటం దగ్గర కాసేపు ఆగడం న్యాయం.

1889లో ఆయన మగపిల్లలు లేకుండా చనిపోయాడు, డ్యూకు బిరుదు ఆయనతోనే పోయింది, ఇల్లు కూతురికి వచ్చింది. ఇక్కడినుంచి జరిగింది ఒక్క స్టోకే కాదు, దేశంలో చాలా ఎస్టేటులకి జరిగిందే, మీ ప్రశ్నకి అసలు జవాబు ఇదే. 1870ల నుంచి అమెరికా గోధుమ చవగ్గా దిగి కౌళ్ళు పడిపోయాయి. 1894లో, యజమాని చనిపోతే వారసుల దగ్గర ఆస్తిమీద పన్ను తీసుకోవడం కొత్తరకంగా మొదలైంది, తర్వాత అది పెరుగుతూనే పోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో వారసులు చచ్చిపోయారు, స్టో పెద్దకొడుకు కూడా 1914లోనే పోయాడు. యుద్ధం అయ్యాక అంత ఇంటికి పనివాళ్ళు దొరకరు, దొరికినా జీతాలివ్వలేరు. మన దగ్గర జమీందారీలు 1948 చట్టంతో ఒక్క దెబ్బకి పోయాయి, అక్కడ మెల్లమెల్లగా, పన్నులతో పోయాయి. అలాంటి ఇంటిని కొనేదెవరు? ఉండటానికి ఎవరూ కొనరు. పడగొట్టి రాళ్ళు, కలప అమ్ముకునేవాళ్ళు కొంటారు, లేదా వందలమంది పడుకోవడానికి గదులు, ఆడుకోవడానికి మైదానాలు కావలసినవాళ్ళు కొంటారు.

స్టో 1921లో 50,000 పౌండ్లకి అమ్ముడుపోయింది. కొన్నాయన దేశానికి ఇచ్చేద్దామనుకున్నాడుగానీ నిర్వహణకి నిధి పెట్టలేకపోయాడు, మరుసటేడు మళ్ళీ అమ్మకానికి వచ్చింది. అప్పుడు పెర్సీ వారింగ్టన్ అనే క్రైస్తవ మతగురువు, ఆయన తరపు ట్రస్టు, బడికోసం తీసుకున్నారు. బకింగ్‌హామ్ ఊరి నుంచి ఇంటిదాకా ఒకటిన్నర మైలు పొడవున చెట్లబాట ఉంది చూడండి, అది విడిగా రియల్ ఎస్టేటువాళ్ళ పాలయ్యేదే, క్లఫ్ విలియమ్స్-ఎల్లిస్ అనే ఆర్కిటెక్టు తన సొంత డబ్బుతో కొని ఆపాడు, తర్వాత ఈటన్‌వాళ్ళు చందాలేసుకుని దాన్ని కొత్త స్కూలుకి బహుమతిగా ఇచ్చారు. 1923 మే 11న 99 మంది మగపిల్లలతో బడి మొదలైంది. హెడ్‌మాస్టరు జె. ఎఫ్. రాక్స్‌బరో, 1949 దాకా ఆయనే. ఇక్కడ చదివి బయటికెళ్ళే ప్రతి కుర్రాడికీ జన్మంతా అందం కనిపిస్తే గుర్తుపట్టే కన్ను ఉండాలని ఆయన పట్టుదల. పాత బోర్డింగ్ స్కూళ్ళ మొరటుతనం ఇక్కడ వద్దనుకున్నాడు. నటుడు డేవిడ్ నివెన్ తొలి బ్యాచ్‌ల వాడు, వర్జిన్ కంపెనీల రిచర్డ్ బ్రాన్సన్ చాలా తర్వాత.

తమాషా ఏమిటంటే వారింగ్టన్‌ది కూడా అప్పే. ఒక ఇంటిని తాకట్టుపెట్టి ఇంకో ఇల్లు కొంటూ వరసగా స్కూళ్ళు పెట్టుకుంటూ పోయాడు, 1930ల మొదట్లో అదంతా కూలబోతే లీగల్ అండ్ జనరల్ అనే ఇన్సూరెన్సు కంపెనీ వచ్చి నిలబెట్టింది. ఆయన పెట్టినవాటిలో డోర్సెట్‌లోని కాన్‌ఫర్డ్ కూడా ఒకటి, అదీ 1923లోనే, అదీ ఒక ప్రభువు ఇంట్లోనే. అక్కడ పిల్లల తినుబండారాల కొట్టు గోడకి, తెల్లరంగు కొట్టేసి ఉన్న ఒక చెక్కడం, నకలే కదా అని దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోలేదు. తీరా చూస్తే నిజమైన అస్సీరియా రాజభవనపు శిల్పం, 1994లో 77 లక్షల పౌండ్లకి పోయింది. పాత ఇంట్లో బడి పెడితే ఇలాంటి లాటరీ కూడా తగలొచ్చు.

బడి ఇంటిని కాపాడిందా, పాడుచేసిందా అంటే రెండూ చేసింది. 1920లలో స్కూలుకి చాపెల్, అంటే ప్రార్థన మందిరం, కట్టేటప్పుడు తోటలో ఉన్న కాంకర్డ్ అండ్ విక్టరీ గుడి స్తంభాలు 16 పీకి తెచ్చి అందులో పెట్టుకున్నారు, గుడికి ఆ ఖాళీల్లో ఇటుక గోడ మిగిలింది. దాన్ని బాగుచేసి కొత్త స్తంభాలు పెట్టింది నేషనల్ ట్రస్టు, 1989లో తోట దాని చేతికొచ్చాక. ఇంటికి 1997లో వేరే ట్రస్టు ఏర్పడింది, స్కూలు ఇప్పుడు ఆ ఇంట్లో అద్దెకున్నట్టే. అయినా బడే లేకపోతే 1922లో ఆ ఇల్లు రాళ్ళకింద అమ్ముడయ్యేది, నాకు అందులో అనుమానం లేదు. ఆడపిల్లలు పై తరగతుల్లోకి 1974లో వచ్చారు, అన్ని తరగతుల్లోకీ 2005లో.

కాబట్టి ఇలాంటి స్కూలు బ్రోషర్లలో "శతాబ్దాల వారసత్వం" అని కనిపిస్తే అది ఇంటి వయసు, బడి వయసు అడిగి తెలుసుకోండి. ఇక ఫీజు సంగతి, బోర్డింగ్ ఫీజు మామూలు సాఫ్ట్‌వేర్ జీతాలకి అందదు, పైగా 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు స్కూలు ఫీజులమీద 20 శాతం వ్యాట్. స్కాలర్‌షిప్పులు, ఫీజు రాయితీలు ఉంటాయి, నేరుగా అడ్మిషన్స్ వాళ్ళకి రాయడమే దారి.

ఊరికే చూడాలనుకుంటే తోటకి న్యూ ఇన్ అనే సత్రం వైపునుంచి వెళ్ళాలి, తోట చూడ్డానికొచ్చే జనం కోసం 1717లోనే కాబమ్ కట్టించాడు. ఇంటి లోపలికి మాత్రం అన్ని రోజులూ పోనివ్వరు, క్లాసులు జరుగుతుంటాయి, వెళ్ళేముందు తేదీలు చూసుకోండి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే మార్బుల్ సెలూన్ తప్పక చూడండి, మెడ నొప్పెట్టేదాకా పైకే చూస్తారు. దక్షిణం మెట్ల దగ్గరి సింహాలతో అందరూ ఫోటోలు దిగుతారు, అవి 2013లో పెట్టిన నకళ్ళు. అసలువి 1921 వేలంలో పోయి బ్లాక్‌పూల్‌లో స్టాన్లీ పార్కుకి చేరాయి.