వాయుసేనకి వెళ్తానన్న చిట్టికి

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాయుసేన ఆఫీసర్ల ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్‌కి అప్లికేషన్ పెట్టావని, అదీ పైలట్లుండే ఫ్లయింగ్ బ్రాంచికేనని మీ నాన్న చెప్పాడు. సంతోషం పట్టలేక మీ పెద్దమ్మని నిద్ర లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత తెల్లారేదాకా నాకే నిద్ర పట్టలేదు.

మీ కాలేజీకి వచ్చిన ఎయిర్ మార్షల్ గారి గుండెల మీది పతకాలు చూసి మనసు పడ్డావట. మంచిదే. మనవాళ్ళకి అంత పైస్థాయి ఎక్కడొస్తుందని మీ అమ్మ అంటే పట్టించుకోకు. ఇద్రిస్ హసన్ లతీఫ్ గారు 1923లో హైదరాబాద్‌లో పుట్టినవారే. 1942లో చేరి, 1978లో వాయుసేనకే అధిపతి అయ్యారు. 1981లో దిగిపోయే ముందు కూడా మిగ్-25 ఎక్కి ఎగిరారు. ఆడపిల్లకెందుకని ఎవరైనా అంటే, 2016 జూన్‌లో మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఫైటర్ పైలట్లుగా కమిషన్ అందుకున్నారని చెప్పు.

చదువుకో, రోజూ పరుగెత్తు, కళ్ళు చూపించుకో. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారే. అందులో పోతే ఫ్లయింగ్ బ్రాంచి ఆశ వదులుకోవాల్సిందే.

ఇక నా భయం చెప్తాను. నేను పైలట్‌ని కాదు, విమానాల కింద పడుకుని పనిచేసిన ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని. పైలట్ విమానం ఎక్కే ముందు ఫారం 700లో, అంటే ఆ విమానం బాగోగులు రాసే పుస్తకంలో, మేమంతా సంతకాలు పెడతాం, ఆఖరున అతను పెడతాడు. దిగాక ఏ లోపం కనిపించినా, దాన్ని మేం స్నాగ్ అంటాం, అందులో రాయాలి. అతను రాయకపోతే మాకు తెలిసే దారి దాదాపు లేదు.

ఒక కుర్ర ఫ్లయింగ్ ఆఫీసర్ ఉండేవాడు. చురుకైనవాడు, అందరికీ ముద్దు. ఒక సాయంత్రం విమానాన్ని రన్‌వే మీద గట్టిగా కొట్టి దింపాడు. అలా దిగితే విమానాన్ని జాకీల మీదికి ఎత్తి చక్రాల కాళ్ళు, రెక్కల అతుకులు అన్నీ పరీక్షించాలి. అతను మాత్రం స్నాగ్ ఏమీ లేదని రాసి వెళ్ళిపోయాడు. పేరు పోతుందని భయం. పైకి చూస్తే మాకూ ఏమీ కనిపించలేదు. పొద్దున్న అదే విమానం ఇంకొకతనికి ఇచ్చారు. అతను చుట్టూ తిరిగి చూసుకుని నిచ్చెన మీద కాలు పెట్టాడు. అప్పుడు పరుగెత్తుకొచ్చాడు మనవాడు, రాత్రంతా నిద్ర లేని మొహంతో. "ఎక్కొద్దు, నిన్న నేను తప్పు రాశాను" అన్నాడు, అందరి ముందూ. జాకీల మీదికి ఎత్తి చూస్తే కాలి అతుకు దగ్గర పగులు. నా చేతులు వణికాయి.

అతన్ని కొన్నాళ్ళు ఎగరనివ్వలేదు. మెస్‌లో తలెత్తుకోలేకపోయాడు. కానీ ఆ తర్వాత అతను ఫారం 700లో రాసే ప్రతి ముక్కా మేం కళ్ళు మూసుకుని నమ్మాం. ఎయిర్ వైస్ మార్షల్‌గా రిటైరయ్యాడు, అతి విశిష్ట సేవా పతకం కూడా వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ నిచ్చెన పొద్దే.

ఏడో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు బీరువా వెనక దాచింది ఎవరమ్మా? పట్టుబడ్డాక కూడా ఒప్పుకోలేదు. నా టెన్షన్ అంతా అదే. జలుబు చేసి చెవులు దిబ్బడ వేస్తే డాక్టర్‌తో చెప్పు, ఆ రోజు సార్టీ, అంటే ఎగిరే వంతు, పోతే పోనీ. చెవులు మూసుకుపోయి ఎగిరితే, దిగేటప్పుడు కర్ణభేరి చిరిగిపోగలదు. ఇన్‌స్ట్రక్టర్ తిడితే పడు. భయమేస్తే మాకు ఫోన్ చెయ్, ఇంట్లో బెంగపడతారని మింగేయకు. నువ్వు బాధ దాస్తేనే మాకు ఎక్కువ బెంగ, బంగారు తల్లీ.

సెలక్షన్ బోర్డు తేదీ రాగానే తెలియజెయ్యి. సెంటర్ మైసూరు పడితే నేను తోడు వస్తాను. వద్దన్నా వస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న