మొలకలను ముట్టుకునే ముందు

చి|| అమ్మాయికి,

అత్తయ్య ఆశీస్సులు. అరాబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో వాడే ఆవాల జాతి చిన్న మొక్క) మొలకల మీద ఒలిగోగెలాక్టురోనైడ్లతో, అంటే పెక్టిన్ తునకలతో, పని మొదలుపెడుతున్నానని రాశావు. చాలా సంతోషం. నేను అన్నిటికన్నా ఆలస్యంగా నేర్చుకున్న సంగతి ముందు చెబుతాను: నీ చెయ్యి తగలడమూ మొక్కకు దెబ్బే.

శిలీంధ్రం తన ఎంజైముతో కణకవచంలోని పెక్టిన్ అనే చక్కెర గొలుసులను కోస్తుంది. ఆ తునకలను పసిగట్టే మొక్క తన గోడకు కన్నం పడిందని గ్రహిస్తుంది. ఫోర్సెప్స్‌తో మొలకను లాగినా గోడ చిట్లుతుంది, కబురు వెళ్తుంది. నా తొలి ప్రయోగాల్లో వట్టి నీళ్లు పోసిన మొలకల్లోనూ రక్షణ జన్యువులు మేల్కొన్నాయి. నెలల తరబడి ద్రావణాన్నే అనుమానించాను. తీరా చూస్తే, అగార్ జెల్లీ నుంచి పీకిన మొలకలను గంట తిరక్కుండానే పరీక్షిస్తున్నాను!

అందుకే విత్తనాలను నేరుగా గుంటల ప్లేటులో, ద్రవ మాధ్యమంలోనే మొలకెత్తనివ్వు. ఎనిమిదో రోజున మాధ్యమం మార్చు, ఆపైన ముట్టుకోకు. పదో రోజున తునకలు కలుపు. మిల్లీలీటరుకు 50 నుంచి 100 మైక్రోగ్రాములు చాలు. పిపెట్ మొనను గుంట అంచుకు ఆనించి మెల్లగా వదులు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వెలుగు రూపంలో చూపే లూమినాల్ పరీక్షకు ఆకు బిళ్లలు కోస్తే రాత్రంతా నీటిలో తేలనివ్వు, కోత గాయం సద్దుమణుగుతుంది.

తునకల పొడవు కీలకం. 10 నుంచి 15 చక్కెర యూనిట్లున్నవి బాగా పనిచేస్తాయి. పెక్టిన్ నుంచి తునకలు తయారుచేసేటప్పుడు ఎంజైమును ఎక్కువసేపు ఉంచితే అవి మరీ చిన్నవై బలం కోల్పోతాయి, కనుక మధ్యమధ్యలో నమూనా తీసి చూడు. పోలికకు పెట్టే నీళ్ల కంట్రోల్‌తో పాటు అంతే మోతాదు గెలాక్టురోనిక్ ఆమ్లాన్ని (ఆ తునకల్లోని ఒంటి చక్కెర యూనిట్), అదే పీహెచ్‌కు సరిచేసి పెట్టు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ నిమిషాల్లో పుడుతుంది, తొలి రక్షణ జన్యువులు అరగంట నుంచి గంటలో, గోడను బలపరిచే కాలోజ్ అనే పదార్థం మరునాటికి. ఒక్క సమయంలో చూసి తీర్పు చెప్పకు.

ఈ తునకలను పసిగట్టే గ్రాహకం ఏదన్న విషయంలో తొందరపడకు. 2010లో డబ్ల్యూఏకే1 (WAK1) అనే ప్రోటీన్ పేరు బలంగా వినిపించింది. ఈమధ్య ఆ ప్రోటీన్ల కుటుంబం మొత్తాన్ని తొలగించిన మొక్కలు కూడా స్పందించాయి. ఎవరైనా అడిగితే ఈ రెండూ చెప్పు.

మొదటి ప్లేటు ఫలితం వచ్చాక నీళ్ల గుంటల అంకెలే ముందు పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

అత్తయ్య